ఎర్ర సుద్ద

సంచి మీద అడ్డగీత గీయబోతూ ఆమె చెయ్యి ఆగిపోయింది.

బడి సంచులు కుట్టే ఆ కార్ఖానాలో చెకింగ్ బల్ల దగ్గర పదకొండేళ్ళుగా నిలబడుతోందామె. ఎడమచేత్తో సంచిని అదిమిపట్టి కుడిచేత్తో భుజం పట్టీని లాగి చూడటం, కుట్టు వంకరగా ఉంటే ఎర్ర సుద్దతో గీత గీసి గంపలో పడెయ్యడం, ఇవన్నీ ఆమె చేతులు వాటంతటవే చేసుకుపోతాయి. బుర్రకు వేరే పనుంది. భయపడటం. ఫోను మోగితే చెడు కబురు. మోగకపోతే ఇంకా చెడ్డ కబురు, చెప్పడానికి నోరు రాక చెయ్యలేదు. ఎవరు రెండు నిమిషాలు ఆలస్యమైనా "ఏమైందో, ఏమైందో" అని గుమ్మం వైపు చూస్తుంది కనక కార్ఖానాలో అందరూ ఆమెకు 'ఏమైందో వదిన' అని పేరు పెట్టారు. ఆమెకూ అది అలవాటైపోయింది.

ఈ సంచి కుట్టు వంకరే. వంకర అంటే మామూలు వంకర కాదు. పట్టీ అంచు వెంట పోవాల్సిన దారం గుడ్డ మీద తూలుకుంటూ పోయింది. నాలుగు రోజులుగా బయట కుట్టించుకొచ్చే సంచుల్లో ఇలాంటివే వస్తున్నాయి. చూడగానే గీత గీసి పడేస్తోంది. ఈసారి మాత్రం వేలికి పట్టీ చివర ఏదో తగిలింది.

పట్టీ చివర కుట్టు ఊడకుండా అందరూ మిషను మీట నొక్కి వెనక్కి కుడతారు. దారం వచ్చిన దారినే పోతుంది. ఇది అలా లేదు. సూదిని గుడ్డలోనే ఉంచి, గుడ్డను నొక్కిపట్టే మిషను పాదం ఎత్తి, సంచినే గిర్రున తిప్పి, గోరంత ఎడంగా రెండో వరస కుట్టుకొచ్చారు. అలా కుట్టేవాళ్ళు ఆమెకు తెలిసి లోకంలో ఇద్దరే. ఒకతె తను. ఇంట్లో మిషనుకు మీట విరిగిపోతే బాగుచేయించకుండా గుడ్డ తిప్పి కుట్టడం అలవాటు చేసుకుంది. పక్కన పీట వేసుకుని కూర్చుని నేర్చుకున్నవాడికీ అదే అంటుకుంది.

వాడు కొడుకు. తాగుడు మాన్పించే సెంటరులో వాణ్ణి చేర్చి ఆ సోమవారానికి ఇరవై ఆరు రోజులు.

ఆమె వంగి ఎడమవైపు గంపలోంచి సంచులు లాగింది. తనే గీసిన ఎర్రగీతలు. వాటి పక్కన తూలిపోయిన దారాలు. ప్రతిదాని చివరా ఆ తిప్పుడు కుట్టే.

"ఏమైంది వదినా?" అంది పక్క బల్ల ఆవిడ. "గంపలో పడిందేమిటి, ఉంగరమా?"

"ఏం లేదు."

"నువ్వు ఏం లేదన్నావంటే ఏదో ఉన్నట్టే. రోజూ ఏమీ లేకపోయినా ఏమైందో అంటావు కదా."

ఆమెకు నవ్వు రాలేదు. వాడి కుట్టు ఎలాంటిది! స్కేలు పెట్టి గీసినట్టు ఉండేది. తాగిన రోజుల్లో కూడా మిషను మీద కూర్చుంటే గీత తప్పేవాడు కాదు. వాడి చేతులు ఇప్పుడిలా వణుకుతున్నాయంటే ఏం చేస్తున్నారు వాణ్ణి? అసలు మిషను దగ్గర ఎందుకు కూర్చోబెట్టారు? ప్రతి మూడు రోజులకీ ఫోను చేస్తే ఒకటే మాట, మెత్తగా, తేనె పూసినట్టు: "మీ అబ్బాయి ధ్యానంలో ఉన్నాడమ్మా. బాగా మారుతున్నాడు."

మధ్యాహ్నం వ్యానులో కట్టలు దించడానికి వచ్చినవాణ్ణి పక్కకు పిలిచింది. ఆ డ్రైవరును అందరూ రేడియో అంటారు. నొక్కితే చాలు, ఆగడు.

"ఈ కట్టలు ఎక్కణ్ణించి తెస్తున్నావురా?"

"తాగుబోతుల సెంటరు నుంచి పిన్నీ. ఊరి చివర, పచ్చ గేటు. పాతిక మంది కుడుతున్నారు. పొద్దున్న ఏడింటికి కూర్చోబెడతారు. మీ పేరు అక్కడ మోగిపోతోంది, తెలుసా?"

"నా పేరా?"

"ఎర్ర సుద్ద రాక్షసి అంటారు మిమ్మల్ని. వెనక్కొచ్చిన సంచిని ఎవరు కుట్టారో వాళ్ళే విప్పి మళ్ళీ కుట్టాలి. అది అయ్యేదాకా భోజనాల గంట కొట్టినా లేవనివ్వరు. మొన్న ఒకాయన గంప ముందు కూర్చుని ఏడ్చేశాడు, పాపం." వాడు పళ్ళికిలించి, ఆమె ముఖం చూసి నవ్వు ఆపేశాడు. "మీరేం చేస్తారు లెండి. మీ పని మీది."

ఆమె చీర మీది ఏప్రన్ జేబులో సుద్ద ముక్క ఉంది. గట్టిగా నొక్కితే రెండు ముక్కలైంది.

*

"పని చేయిస్తే చేయించనీ," అన్నాడు భర్త. బస్సు నడిపి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. "తాగించట్లేదు కదా?"

"అన్నం పెట్టట్లేదట!"

"ఎవరు చెప్పారు? ఆ రేడియోగాడా? వాడు చెప్పేది నమ్మితే బస్టాండు నిన్ననే కూలిపోయిందని కూడా నమ్మాలి."

"వాడి కుట్టు చూశాను. చేతులు వణుకుతున్నాయి వాడికి."

"ఇంట్లో ఉన్నప్పుడు వణకలేదా? నా గొంతు పట్టుకున్నప్పుడు మాత్రం వణకలేదులే." అతను తుండుతో మొహం గట్టిగా రుద్దుకున్నాడు. తుండు తీశాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నలభై ఐదు రోజులు ఎవరూ కనపడకూడదని కాగితం మీద సంతకం పెట్టింది నేను. మధ్యలో తీసుకొచ్చావనుకో, వీధి చివర కొట్టు వాడికోసం తెరిచే ఉంటుంది. మళ్ళీ కాలవగట్టు మీద వెతుక్కోవాలి మనం. నా వల్ల కాదు."

కాలవగట్టు అన్న మాటకు ఆమెకు ఎప్పుడూ నోరు మూతపడుతుంది. తెల్లవార్లూ వెతికితే వాడు అక్కడే తెలివి లేకుండా పడి దొరికాడు. అయితే ఈసారి భయం వెనక ఇంకోటి కూడా లేచింది. ఇన్నాళ్ళూ ఫోనులో వాడు ధ్యానంలో ఉన్నాడంటే తను చేతులు జోడించింది. ఫోనుకు! ఆ మెత్తటి గొంతుకు "మీ రుణం తీర్చుకోలేను బాబూ" అంది. ఆ మాట గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయింది.

*

మంగళవారం ఆమె పదకొండేళ్ళలో చెయ్యని పని చేసింది. వంకర సంచులను కుడివైపు గంపలో వేసింది. మంచివాటితో కలిపి, గీత లేకుండా.

మొదటిది వేసేటప్పుడు చెయ్యి మొరాయించింది. రెండోదానికి తిట్టుకుంది. పదోదానికి అలవాటైంది. ఒక్కో సంచి వేస్తూ 'తినరా, నువ్వు లేచి వెళ్ళి తిను' అనుకుంది.

పదకొండింటికి సూపర్వైజరు వచ్చి కుడిగంపలోంచి ఒకటి తీసి పట్టీ లాగాడు. ఒక పక్క పట్టీ చేతిలోకి ఊడి వచ్చింది. అతను అరిచే మనిషి కాడు. పట్టీని, సంచినీ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు.

"ఒకటో తరగతి పిల్ల వేసుకుంటుంది దీన్ని. రోడ్డు దాటేటప్పుడు ఊడితే?"

ఆమె ఊడిన పట్టీని చేతిలోకి తీసుకుంది.

"మీరు చూశారంటే నేను మళ్ళీ చూడక్కర్లేదని కదా ఇన్నాళ్ళూ నా ధైర్యం. ఒంట్లో బాగాలేదా అమ్మా?"

సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి. రోడ్డు మధ్యలో పుస్తకాలు ఏరుకుంటున్న పిల్ల, అటునుంచి లారీ, అంతా కళ్ళ ముందు జరిగిపోయింది. గీత గీస్తే కొడుకు పస్తు, గీయకపోతే ఎవరి బిడ్డో లారీ కింద. తనను ఇలాంటి చోట నిలబెట్టింది ఎవరు? ఎవరు?

అప్పుడు నోటికి మాట దానంతటదే వచ్చింది.

"సార్, ఆ సెంటరు వాళ్ళకి కుట్టు తెలీడం లేదు. నమూనా తీసుకుని నేనే వెళ్ళి చూపించి వస్తాను."

బయట పనిచ్చే చోట్లకు చెకింగ్ వాళ్ళు నమూనా పట్టుకుని వెళ్ళడం మామూలే. సూపర్వైజరు తల ఊపాడు. "రేపు వ్యానులో వెళ్ళండి. వాళ్ళకి ఫోను చేసి చెబుతాను."

తల్లికి నలభై ఐదు రోజులు తెరుచుకోని గేటు, చెకింగ్ ఆవిడకు ఒక్క ఫోనుతో తెరుచుకుంది.

*

డైరెక్టరు గేటు దగ్గరికే ఎదురొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నుదుటి మీద ఒక్క ముడత లేదు. చేర్చేటప్పుడు భర్త ఒక్కడే లోపలికి వెళ్ళాడు, ఆమె ఆటోలో కొడుకు చెయ్యి పట్టుకుని కూర్చుండిపోయింది. అందుకని అతను ఆమెను గుర్తుపట్టలేదు. ఆమె మాత్రం మొదటి మాటకే గుర్తుపట్టింది. ఫోనులోని తేనె అదే.

"రండి మేడమ్. మావాళ్ళు కొత్త కదా, కాస్త ఓపిక పట్టాలి. పని కూడా ఒక చికిత్సే. ఖాళీగా ఉంటేనే కదా బుద్ధి సీసా మీదికి పోయేది."

నడవ గోడ మీద పెద్ద కాగితం. ఆరింటికి ధ్యానం, ఎనిమిదింటికి వ్యాయామం, పదింటికి కౌన్సెలింగ్, నాలుగింటికి ఆటలు. పక్కనే 'కౌన్సెలింగ్ గది' అని రాసిన తలుపు తెరిచి ఉంది. లోపల కుర్చీ లేదు. నేల నుంచి కిటికీ దాకా గుడ్డ తానులు, పట్టీల మూటలు.

"డాక్టరు ఎప్పుడొస్తారండీ?" అంది ఆమె, ఏదో అడగాలని అడిగినట్టు.

"అవసరమైతే వస్తారు మేడమ్. ముఖ్యం మనోబలం."

హాల్లో మిషన్ల మోత. కిటికీలకు కింది సగం రేకులు కొట్టేశారు. రెండు వరసల్లో మగవాళ్ళు వంగి కుడుతున్నారు. ఆమె చేతిలో నమూనా సంచి, ఏప్రన్ జేబులోంచి తొంగిచూస్తున్న ఎర్ర సుద్ద. ఎవడో ముందు వరసలో "వచ్చింద్రా" అన్నాడు, మిషను మోతలో వినపడదనుకుని. తలలు లేచాయి. అన్ని కళ్ళల్లోనూ ఒకటే భయం.

మూడో మిషను దగ్గర కొడుకు.

చిక్కిపోయాడు. మెడ ఎముకలు లెక్కపెట్టొచ్చు. కానీ కళ్ళు తేటగా ఉన్నాయి. ఆమెను చూసి వాడి పెదవులు కదిలాయి, మాట బయటికి రాలేదు. చూపు డైరెక్టరు మీదికి పోయి, మళ్ళీ సూది మీదికి దిగిపోయింది. అమ్మా అని పిలవడానికి కూడా భయపడుతున్నాడు నా బిడ్డ, అనుకుంది ఆమె.

ఆమె ఒక్కో మిషను దగ్గర ఆగుతూ, నమూనా చూపిస్తూ వాడి దగ్గరికి చేరింది. వాడు కుడుతున్న సంచిని అందుకుని తిరగేసింది.

నిటారు కుట్టు. ఒక్క పోగు పక్కకు పోలేదు.

ఆమెకు అర్థం కాలేదు. వాడి చేతుల వైపు చూసింది. వణకడం లేదు. పక్కనున్న కట్టలోంచి ఇంకో సంచి లాగింది. అదీ నిటారే. మరి ఆ తూలిన దారాలు?

"అవి నావి కావు మేడమ్," అన్నాడు కొడుకు, తల ఎత్తకుండా. "బాబాయివి."

వాడి పక్క మిషను మీద ఒక పెద్దాయన. యాభై దాటి ఉంటాయి. గోళ్ళ సందుల్లో నీలం రంగు ఇంకిపోయి ఉంది. ఆయన కుట్టడం లేదు. గుడ్డ మీంచి ఏదో దులుపుతున్నాడు. మళ్ళీ దులుపుతున్నాడు. చేతులు, గడ్డం, మోకాళ్ళు, మనిషి మనిషంతా ఊగిపోతున్నాడు.

"కొట్ల మీద బోర్డులు రాస్తాడు ఈయన," అన్నాడు కొడుకు, గొంతు తగ్గించి. "గురువారం తెచ్చారు. శుక్రవారం నుంచే కూర్చోబెట్టారు. నాలుగు రోజులుగా నిద్ర లేదు. గుడ్డ మీద చీమలు పాకుతున్నాయంటాడు. పట్టీలు ఊడిపోకుండా వీలైనన్ని చివరలు నేను కుట్టి పెడుతున్నాను. అయినా అన్నీ వెనక్కి వచ్చాయి. నావి ఒక్కటీ రాలేదు."

ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆమె ప్రాణం తేలికపడింది. నా వాడి చెయ్యి వణకడం లేదు. నా వాడు తిన్నాడు. వెంటనే ఆ తేలికపాటు మీదే ఆమెకు అసహ్యం వేసింది.

పెద్దాయన ఆమె వైపు చూసి, జేబులోని సుద్దను చూసి, కట్టలోంచి ఒక సంచి తీసి రెండు చేతులతో చాచాడు. "ఇది కాస్త బాగొచ్చిందమ్మా," అన్నాడు. "గీయకండి."

ఆమె సంచి అందుకోలేదు. ఆయన మణికట్టు పట్టుకుంది. పెనం మీద చెయ్యి పెట్టినట్టుంది.

"ఈయనకి ఒళ్ళు కాలిపోతోంది," అంది, మోత మీద వినపడేలా. "ఆస్పత్రికి తీసుకెళ్ళాలి."

"మొదటి వారం అందరికీ అంతే మేడమ్," అన్నాడు డైరెక్టరు. "తట్టుకుంటేనే మనిషవుతాడు. మీరు కుట్టు సంగతి చూడండి."

"కుట్టు సంగతే చూస్తున్నాను. మనిషి చచ్చిపోయేలా ఉన్నాడు!"

"అమ్మా," అన్నాడు కొడుకు.

మాట జారిపోయింది. డైరెక్టరు వాడి ముఖంలోంచి ఆమె ముఖంలోకి చూశాడు. నుదుటి మీద మొదటి ముడత పడింది, వెంటనే సర్దుకుంది.

"ఓ, మీరా! ముందే చెప్పాల్సిందమ్మా. దొంగదారిన ఎందుకు రావడం?" ఆమెను రెండడుగులు పక్కకు నడిపించాడు. "మీ అబ్బాయి బాగున్నాడు, చూశారుగా. ఇప్పుడే తీసుకెళ్ళండి. ఒక్క సంతకం. పూర్తిగా మారాడని కాగితం కూడా ఇస్తాను, ఎక్కడైనా ఉద్యోగానికి పనికొస్తుంది. మిగతావాళ్ళ సంగతి వాళ్ళవాళ్ళు చూసుకుంటారు. మనకెందుకు, చెప్పండి?"

ఆమె గబగబా వెళ్ళి కొడుకు రెక్క పట్టుకుంది.

"లే. పోదాం."

వాడు లేవలేదు.

"లేరా! వదిలేస్తానంటున్నారు."

"బాబాయిని తీసుకెళ్ళు."

"నీకేమన్నా పిచ్చా? ఎవరో పరాయివాడి కోసం..." ఆ మాట తన నోట్లోంచి రావడం ఆమె తన చెవులతోనే విన్నది. అచ్చం డైరెక్టరు మాటలాగే ఉంది.

"నేను నడిచి రాగలనమ్మా, రేపైనా, ఎల్లుండైనా," అన్నాడు కొడుకు. "ఆయన రాలేడు. మనం వెళ్ళిపోతే ఆయన పట్టీలు ఎవరు కుడతారు? వాళ్ళ ఇంట్లో ఫోను చేస్తే ధ్యానంలో ఉన్నాడని చెబుతున్నారు. నాకు వినపడుతుంది ఇక్కడికి."

ఆమె వాడి రెక్క వదిలేసింది.

తర్వాత జరిగింది తలుచుకుంటే ఆమెకే నమ్మబుద్ధి కాదు. పక్కింటివాళ్ళు చెత్త తన గుమ్మంలోకి ఊడ్చినా నోరెత్తని మనిషి. హాలు మధ్యలో నిలబడి కొంగు నడుముకు దోపింది.

"ధ్యానమా? ఏదిరా మీ ధ్యానం? ఆ గదిలో మూటల కింద ఉందా?" గొంతు పగిలిపోయింది, అయినా ఆపలేదు. "జబ్బు మనిషిని తెచ్చి మిషనుకి కట్టేసి, పస్తు పెట్టి, పైగా మనోబలమా! నీకు నేను చేతులు జోడించాను! నీకు!"

"అమ్మా, నెమ్మది. మీ సూపర్వైజరుతో మాట్లాడతాను..."

"మాట్లాడు. ఫోను ఇటివ్వు, నేనూ మాట్లాడతా. ఈయన ఆస్పత్రి గడప ఎక్కందే ఇక్కడి సంచి ఒక్కటి నా బల్ల దాటదు. నిటారుగా ఉన్నా దాటదు. గీత గీసి, ఎందుకు గీశానో దాని మీదే రాస్తాను."

కొడుకు మిషను మీంచి కాలు తీశాడు. వెనక వరసలో ఇంకొకడు తీశాడు. మోత ఒక్కసారిగా ఆగలేదు, ఒక్కో మిషనే ఆగుతూ వచ్చింది. చివరికి హాల్లో పెద్దాయన గుడ్డ దులుపుతున్న చప్పుడు ఒక్కటే మిగిలింది.

డైరెక్టరు చుట్టూ చూశాడు. పాతిక మంది. గేటు దగ్గర కాపలావాడు ఒక్కడు.

"తీసుకుపోండి," అన్నాడు. ఆ గొంతులో ఇప్పుడు తేనె లేదు. "ఇద్దర్నీ తీసుకుపోండి. మళ్ళీ తాగి నా గేటు దగ్గరికి వస్తే మాత్రం చేర్చుకోను."

ఆ మాట సూటిగా ఆమె భయం మీదే పడింది. పడాల్సిన చోటే పడింది. ఆమె తూలలేదు. పెద్దాయన చంకల కింద చేతులు వేసి, "పట్టుకోరా," అంది కొడుకుతో.

*

వ్యానులో ఖాళీ గోనెల మీద పెద్దాయనను పడుకోబెట్టారు. దారి పొడవునా రేడియో ఒక్క మాట మాట్లాడలేదు. అలా ఉండటం వాడి జీవితంలో అదే మొదటిసారి అయ్యుంటుంది.

భర్త ఫోను చేశాడు. "సెంటరు వాళ్ళు చెప్పారు. నువ్వు చేసిన పనికి ఇక..."

"ఆస్పత్రికి రా," అంది ఆమె. "తిట్టాలంటే ఇక్కడికొచ్చి తిట్టు. వచ్చేటప్పుడు వాడికి చెప్పులు తీసుకురా. కాళ్ళకి ఏం లేవు."

అవతల బస్సు ఇంజను ఆగిన చప్పుడైంది. "ఏ సైజు?" అన్నాడు చివరికి. "ఇప్పుడు వాడిది ఏ సైజు?"

ఆస్పత్రిలో పెద్దాయనకు సెలైను ఎక్కించారు, సూదిమందు ఇచ్చారు. డాక్టరమ్మ చిన్న పిల్లలా ఉంది గానీ నోరు పెద్దది. "రోజూ తాగే మనిషికి ఒక్కసారిగా ఆపేసి, మందు లేకుండా వదిలేస్తారా? ఫిట్సు వచ్చి పోతాడు, తెలుసా? ఎవరు చేశారీ పని?" అని అందరి మీదా కేకలేసింది. ఆమెకు ఆ తిట్లు చల్లగా అనిపించాయి. ఇన్నాళ్ళకు ఒకరు సరిగ్గా కోప్పడ్డారు.

ఆ డాక్టరమ్మే కొడుకును కూర్చోబెట్టి కళ్ళు చూసింది, నాడి చూసింది.

"ఇప్పుడు తాగాలనిపిస్తోందా?"

వాడు తల్లి వైపు చూశాడు. మళ్ళీ డాక్టరు వైపు చూశాడు.

"అనిపిస్తోంది."

ఆమె చటుక్కున కొడుకు భుజం పట్టుకుంది. డాక్టరమ్మ మాత్రం సరేనన్నట్టు తల ఊపి కాగితం మీద రాసుకుంది. "ఎప్పుడెప్పుడు అనిపిస్తుంది?" అని అడిగింది. వాడు చెప్పడం మొదలుపెట్టాడు. తడుముకుంటూ, ఆగుతూ, మళ్ళీ చెబుతూ. ఇరవై ఎనిమిది రోజుల్లో వాణ్ణి ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. ఇంట్లో అన్నేళ్ళలో తను మాత్రం అడిగిందా? తాగావా అని అడిగింది. ఎందుకు తాగావని అడిగింది. ఇలా ఎప్పుడూ అడగలేదు. శుక్రవారం నుంచి పై అంతస్తులో రోజూ మందులు, మాటలు ఉంటాయనీ, ఇంట్లోవాళ్ళు కూడా రావాలనీ, ఒక్కసారితో అయ్యే పని కాదనీ డాక్టరమ్మ చెప్పింది. శుక్రవారానికి ఇంకా రెండు రోజులున్నాయి. ఆ రెండు రోజులూ ఎలా గడుస్తాయో ఆమెకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం కూడా కొత్తగానే ఉంది.

బల్ల దగ్గరి నర్సు పెద్దాయన కాగితాలు నింపుతూ పిలిచింది.

"ఈయన ఇంటికి కబురు పంపించాం. వాళ్ళొచ్చేదాకా మీరే సంతకం పెట్టాలి. పేషెంటుకి మీరేమవుతారమ్మా? భార్యా? చెల్లెలా?"

"ఏమీ కాను."

"ఏదో ఒకటి రాయాలి కదా. తెలిసినవాళ్ళు అని రాయనా?"

ఆమె మంచం వైపు చూసింది. పెద్దాయన నిద్రపోతున్నాడు. నీలం గోళ్ళ చేతులు దుప్పటి మీద కదలకుండా ఉన్నాయి.

"ఆయన వణుకుతూ కుట్టినవన్నీ వెనక్కి పంపి పస్తు పడుకోబెట్టింది నేను," అంది. "అది రాయండి."

నర్సు కలం ఆపి తలెత్తింది. "దానికి ఇందులో గడి లేదమ్మా."

"అయితే గడి గీయండి," అంది ఆమె.